పేర్లున్న మంద

మా పాల కంపెనీలో సర్వర్లకు పేర్లుండేవి. కర్రి, బొల్లి, మచ్చ, చెవిటిది, గడుగ్గాయి. అన్నీ గొర్రెల పేర్లే. పోయిన వారం వాటిని తీసేసి అంకెలు పెట్టారు. కొత్తగా కాంట్రాక్టు తీసుకున్న కుర్రవాళ్ళు బెంగళూరు నుంచి వచ్చారు. స్క్రీను మీద ఆ పేర్లు చూడగానే వాళ్ళకు నవ్వొచ్చింది. "ఏంటి మేడమ్ ఇది, జూ పార్కా?" అని ఒకతను అడిగాడు. నేను నా పని చూసుకున్నాను. జవాబు చెప్పాలంటే ఆ పేర్లు పెట్టిన మనిషి గురించి చెప్పాలి. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు, మాటెత్తితే నాకు ఏడుపొస్తుంది. నవ్వేవాళ్ళ ముందు ఏడవడం నాకిష్టం ఉండదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేర్లంటే అంత ప్రాణం పెట్టిన మనిషిని పేరు లేకుండా రాయడం అన్యాయమే. కానీ ఆ ఇంటివాళ్ళు తమ దుఃఖాన్ని వీధిలో పెట్టుకునే మనుషులు కారు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఇక్కడికి అది చాలు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆయన పోయిన పొద్దున మా ఆఫీసులో ఏదీ ఆగలేదు. ఒక్క క్యాను వెనక్కి పోలేదు, ఒక్క ఊరి నుంచీ ఫోను రాలేదు. ఒక మనిషి లేడన్న సంగతి ఏ యంత్రానికీ తెలియలేదు, మధ్యాహ్నం దాకా ఏ మనిషికీ తెలియలేదు. మా వృత్తిలో దీన్ని గొప్ప పనితనం అంటారు. ఆ పనితనం ఆయనదే. దాన్ని నేనింకా క్షమించలేకపోతున్నాను.

కంపెనీ హెడ్డాఫీసు ప్రొద్దుటూరు. పాలు చల్లబరిచే కేంద్రాలు జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి. వాటి చుట్టూ ఊరూరా పాలు పోయించుకునే చిన్న కేంద్రాలు. మనిషి పాలు పోయగానే అక్కడి మిషను ఎన్ని పాలు, వెన్న ఎంత అని కొలిచి మాకు పంపుతుంది. మా దగ్గర రేటు కట్టి, పోసినవాళ్ళ ఫోనుకు మెసేజి వెళుతుంది. ఇదంతా పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. ఆ వేళల్లో ఊళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మిగతా పొద్దంతా సర్వర్లకు ఈగలు తోలుకునే పనే.

నేను చేరిన కొత్తలో సర్వర్లన్నీ మా సొంతం. ఒకప్పుడు నెయ్యి నిలవ చేసిన గదిలో ఉండేవి. ఎన్నిసార్లు సున్నం కొట్టినా ఆ గోడలు నెయ్యి వాసన వదల్లేదు, చీమలూ వదల్లేదు. ఆయన రోజూ వచ్చీ రాగానే చీమల సుద్దతో ఆ ఇనుప బీరువాల చుట్టూ గీత గీసేవాడు, వాకిట్లో ముగ్గు వేసినంత శ్రద్ధగా. పాలవేళ ఆ సర్వర్లు మోయలేక ఆగిపోయేవి. ఊళ్ళల్లో ఆడవాళ్ళు క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడి మమ్మల్ని తిట్టేవాళ్ళు. కేంద్రాల వాళ్ళు ఆ తిట్లను ఉన్నవి ఉన్నట్టు ఫోనులో మాకు చేరవేసేవాళ్ళు.

అప్పుడు మా ఎండీ గారు హైదరాబాదులో ఏదో మీటింగుకు పోయి, తిరిగొచ్చి, "అంతా క్లౌడ్‌లో పెట్టేద్దాం" అన్నారు. పక్కన కూర్చున్న అకౌంట్సు ఆయన, "వద్దు సార్, మన లెక్కలు ఊరోళ్ళ చేతిలో పెట్టేది మంచిది కాదు, ఇంకా పెద్ద మిషన్లు కొందాం" అన్నాడు. ఇద్దరూ అన్న వైపు చూశారు.

"సార్, మా ఊళ్ళపక్క చేలో మంద కట్టించుకుంటారు, మీకు తెలుసు కదా" అన్నాడు అన్న. "గొర్రెలు లేని రైతు గొర్రెలోళ్ళను పిలిపించి, చేనుకు ఎరువయ్యేదాకా రాత్రిళ్ళు మందను చేలో పండబెట్టించుకుంటాడు. పని అయిపోతానే మంద పోతాది. దాని మేత, దాని రోగాలు, అన్నీ మందోడివే. మీరు చెప్పే క్లౌడు అది. మన గొర్రెలు మన దొడ్లో ఉండేది ఇంకో రకం. రెండూ పెట్టుకునేది మూడో రకం. రైతుల బ్యాంకు వివరాలు, మన లెక్కలు మన దొడ్లో పెట్టుకుందాం. పాలయేళకు మాత్రం బయటి మందను పిలుద్దాం."

"మరి పెద్ద మిషను?" అన్నాడు అకౌంట్సు ఆయన, పట్టు వదలకుండా.

"బరువు లాగలేకపోతే ఇంకా పెద్ద ఎద్దును తెచ్చేది ఒక పద్ధతి అప్పా. ఇంకో బండి కట్టేది ఇంకో పద్ధతి. ఎంత పెద్ద ఎద్దుకైనా ఒకరోజు కాలు కుంటుపడ్తాది. ఆ పొద్దు నువ్వు పాలు నెత్తిన మోస్తావా?"

ఎండీ గారు నవ్వేశారు. అలా మాది రెండూ కలిసిన పద్ధతి అయింది. పాలవేళ దగ్గరపడగానే అద్దె సర్వర్లు వాటంతట అవే లేస్తాయి, ఒకటికి తోడు ఒకటి. రద్దీ తగ్గేకొద్దీ ఒక్కొక్కటే పోతాయి. ఒకటి మధ్యలో పడిపోతే దాని స్థానంలో ఇంకొకటి లేస్తుంది, పాలు పోసే మనిషికి ఆ సంగతే తెలియదు. నాకిది వెంటనే అర్థమైంది. మా అబ్బాజాన్ టైలరు. రంజాన్ నెలలో వీధిలో మిషనున్న ప్రతి ఇంటికీ బట్టలు పంచేవాడు, పండగ కాగానే మళ్ళీ ఒక్కడే కూర్చుని కుట్టుకునేవాడు.

రంజాన్ అంటే గుర్తొచ్చింది. నేను ఉపవాసం ఉన్నన్నాళ్ళూ ఆయన నా ఎదుట టీ తాగేవాడు కాదు. గ్లాసు తీసుకుని నెయ్యి గదిలోకి పోయేవాడు. తలుపు అవతలి నుంచి జుర్రుమనే చప్పుడు మాత్రం నాకు శుభ్రంగా వినిపించేది. ఎదుట తాగినా అంత బాధ ఉండేది కాదని చెబుదామనుకుని ఎప్పుడూ చెప్పలేదు.

పాలవేళ ఆయన కూర్చోగా నేను చూడలేదు. గోడకున్న పెద్ద స్క్రీను ముందు ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం మోకాలికి ఆనించి, బూజు కర్ర నేలకు ఆన్చి, దాని మీద గడ్డం పెట్టుకుని చూస్తూ ఉండేవాడు. ఎంసీఏ చదివిన మనిషి, మెడలో ఐడీ కార్డు, నిలబడేది మాత్రం మిట్ట మీద గొర్రెల కాపరి నిలబడినట్టే. ఎండీ గారు ఒకసారి బ్యాంకు వాళ్ళకు మా విభాగం చూపిద్దామని వెంటబెట్టుకొచ్చి, ఆయన్ని ఆ భంగిమలో చూసి, తలుపు మెల్లగా మూసేసి వాళ్ళను వెన్న గది వైపు తీసుకుపోయారు.

సర్వరు ఒక్కొక్కటీ లేస్తుంటే ఆయన పెదవుల మీదే అనుకునేవాడు. "కర్రి వచ్చె. బొల్లి వచ్చె. మచ్చ యాడబోయె... ఆఁ, వచ్చె." వాటికి మామూలుగా బారెడు పొడవు అంకెలూ అక్షరాలూ ఉంటాయి. అవి లేచే వరసలో పేర్లు వచ్చేటట్టు ఆయన ప్రోగ్రాము రాసుకున్నాడు. అన్నీ వేముల దగ్గర ఆయన ఊళ్ళో, వాళ్ళ నాయన మందలో ఉన్న గొర్రెలవే.

"అన్నా, పొద్దెక్కేసరికి పోయేవాటికి పేర్లెందుకు?" అన్నాను ఒకరోజు.

"పోయేవాళ్ళకు పేరుండకూడదా మ్మీ?" అన్నాడు, స్క్రీను మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

ఈ పేర్ల వెనక ఒక చిన్న తగాదా ఉంది. క్లౌడు పని నేర్పడానికి కంపెనీ ఒక ట్రైనరును పిలిపించింది. చక్కగా మాట్లాడే కుర్రాడు. పాత రోజుల్లో సర్వరును పెంపుడు కుక్కలా చూసుకునేవాళ్ళమని, పేరు పెట్టి, జబ్బు చేస్తే మందు వేసేవాళ్ళమని చెప్పాడు. "ఇప్పుడలా కాదు. గొర్రెల మంద అనుకోండి. నంబరు చాలు. ఒకటి చస్తే పక్కన పడేస్తాం, ఇంకొకటి తెచ్చుకుంటాం. ఏడవక్కర్లేదు" అన్నాడు. అందరూ నవ్వారు.

అన్న లేచి నిలబడ్డాడు. "సార్, మీరు గొర్రెల్ని సాకినారా?"

"లేదండీ. ఊరికే, ఉదాహరణకు."

"అయితే ఆ మాట వద్దులే సార్. ఇంకేదన్నా చెప్పండి."

కోపంగా అనలేదు. అన్నంలో రాయి తగిలినవాడు పక్కకు తీసి పెట్టినట్టు అన్నాడు. ఆ కుర్రాడు కూడా మంచివాడే, కాస్త ఆలోచించి, "పోనీ, బల్బులు అనుకుందామా?" అన్నాడు.

"బల్బులైతే సరే సార్" అని కూర్చున్నాడు.

ఆరోజు భోజనాల దగ్గర, సంగటిని శెనిక్కాయల ఊరిమిండి పచ్చడిలో అద్దుకుంటూ చెప్పాడు. వాళ్ళ నాయన గొర్రెల్ని ఎప్పుడూ లెక్కపెట్టడట. లెక్కపెడితే దిష్టి అని వాళ్ళ నమ్మకం. సాయంత్రం మంద దొడ్డికి వచ్చేటప్పుడు గడప దగ్గర నిలబడి ఊరికే చూస్తాడట. "ఎన్నొచ్చినాయి అని అడగడు మ్మీ మా నాయన. ఎవురు రాలేదు అని అడుగుతాడు. రానిదాన్ని పేరు పెట్టి పిలుచుకుంటా చీకట్లో కొండకు పోతాడు. అది నంబరైతే యాడని పిలుస్తాడు?"

ఆ ప్రశ్న ఆయన ఆఫీసుకూ తెచ్చుకున్నాడు. పొద్దున సీట్ల మధ్య నడుస్తూ, ఉన్నవాళ్ళను చూడకుండా ఖాళీ కుర్చీలను చూసేవాడు. "ఎవురు రాలేదు?" అనేవాడు. రానివాడికి ఫోను చేసేవాడు. ఆరా తీయడానికి కాదు. "ఏం అప్పా, బాగుండావా?" అంటే అయిపోయేది. మేము వాళ్ళ నాయన మాట గుర్తుచేసి ఆటపట్టించేవాళ్ళం, ఈయనకు మనం కూడా గొర్రెలమే అని.

పాలకూ అదే ప్రశ్న. ఎండీ గారికి మొత్తం ఎన్ని పాలు అన్నదొక్కటే కావాలి. అన్న మాత్రం ఏ పూట ఎవరు పోయలేదో కనిపించేటట్టు ఒకటి తయారు చేసుకున్నాడు. దానివల్ల కంపెనీకి ఏ లాభమూ లేదు. ఒకసారి జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున ఒక ఊళ్ళో, ఒక ముసలామె వరసగా కొన్ని పూటలు పోయలేదు. ఆమె పోసేది ఎప్పుడూ చెంబెడు పాలే. మర్నాడు నాకు జమ్మలమడుగులో పని ఉంటే, తానూ వస్తానని జీపెక్కాడు. జీపును నేరుగా ఆ ఊరికి పోనిచ్చాడు.

పాల కేంద్రం దగ్గర వరస నడుస్తోంది. ఆ ముసలామె వరసకు పక్కగా, ఖాళీ క్యాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. గేదె చచ్చిపోయిందని కేంద్రం నడిపే అతను మెల్లగా చెప్పాడు. అయినా రోజూ పొద్దున్నే క్యాను కడుక్కుని వస్తుందట, కాసేపు కూర్చుని పోతుందట. ఎవరూ ఏమీ అనడం లేదట.

అన్న పోయి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆఫీసరు వచ్చాడనుకుని ఆమె కొంగు సర్దుకుంది.

"అవ్వా, నీ ఎనుము పేరేంది?" అన్నాడు.

ఆమె ఆయన ముఖం చూసింది. "లచ్చిమి" అంది. అని, అంతవరకూ ఎవరి ముందూ ఏడవనిది, క్యాను మీద తల పెట్టుకుని ఏడ్చింది.  వరస అయిపోయి, క్యాన్లు వ్యానెక్కి, కేంద్రం తలుపు వేసేదాకా అన్న అలాగే కూర్చున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు నాకు ఒళ్ళు మండింది. "ఒకటి పోయినా తెలియకుండా కట్టేదీ నువ్వే, ఏది పోయిందో వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగేదీ నువ్వే. ఇదేం తిక్క అన్నా?" అన్నాను.

"పాలు పోసేవాళ్ళకు తెలియకూడదు మ్మీ. వాళ్ళ పని ఆగకూడదు" అన్నాడు. "మనకు తెలియాల."

ఆయన వారమంతా ప్రొద్దుటూరులో అద్దె గదిలో ఉండేవాడు. భార్యాపిల్లలు ఊళ్ళో తల్లిదండ్రుల దగ్గర ఉండేవాళ్ళు. ఒక బుధవారం నేను జమ్మలమడుగు కేంద్రంలో పని చూసుకుంటున్నాను. అన్న నాతో వచ్చాడని ఆఫీసులో వాళ్ళు అనుకున్నారు. ఆయన ఆఫీసులో ఉన్నాడని నేననుకున్నాను. పాలవేళకు కర్రి లేచింది, బొల్లి లేచింది. నేను అక్కడి స్క్రీనులో చూస్తూనే ఉన్నాను. మధ్యలో మచ్చ పడిపోయింది, దాని స్థానంలో ఇంకొకటి లేచి పని అందుకుంది. రద్దీ తగ్గాక ఒక్కొక్కటే పోయాయి. ఎవరు రాలేదని అడిగే మనిషే ఆ పొద్దు రాలేదు. మధ్యాహ్నం నీళ్ళ మోటారు సంగతి మాట్లాడదామని ఇంటి ఓనరు గది తలుపు తోసి చూశాడు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టర్లు, తెల్లవారకముందే.

అంటే ఆ పొద్దున ఊళ్ళన్నీ పాలు పోసేటప్పటికే ఆయన లేడు. ఈ సంగతి నా లోపల కూరుకుపోయింది. కరెంటు పోయినా బాగుండేది. సర్వర్లన్నీ పడిపోయి, ఊళ్ళన్నీ మమ్మల్ని బూతులు తిట్టినా బాగుండేది. అంత మనిషి పోతే ఒక్క క్యానైనా ఆగకూడదా?

ఆయన స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. పని కాంట్రాక్టుకిచ్చారు. మొదట్లో నేనే పొద్దున సీట్ల మధ్య తిరిగి ఎవరు రాలేదని చూసేదాన్ని, కానీ ఆ మాట నా నోట పలికేది కాదు. తర్వాత మానేశాను. పోయిన వారం పేర్లు తీసేసిన రోజు మాత్రం ఇంటికి పోయి అన్నం తినలేకపోయాను. ఆదివారం బస్సెక్కి, పులివెందులలో దిగి, ఆటో మాట్లాడుకుని వాళ్ళ ఊరికి పోయాను. ఎందుకు పోతున్నానో నాకే సరిగ్గా తెలియదు.

సాయంత్రమైంది. ఆయన భార్య నన్ను చూసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పెద్దాయన దొడ్డి దగ్గర ఉన్నాడంటే అక్కడికి పోయాను. మంద లోపలికి పోతోంది. ఆయన గడప పక్కన నిలబడి చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, మంద అంతా లోపలికి పోయేదాకా ఆగమని చెయ్యి చూపించాడు. దడి మూశాక నా పక్కకు వచ్చి రాతి మీద కూర్చున్నాడు. 

"పాపా, ఒగ మాట అడుగుతా" అన్నాడు. "ఆ పొద్దు నా కొడుకు రాకపోతే మీ ఆఫీసులో ఏమైంది?"

ఆ ముఖం చూస్తే ఆయనకు ఏం కావాలో నాకు తెలిసిపోయింది. కొడుకు లేకపోతే ఎక్కడో ఏదో ఆగిందన్న మాట కావాలి. నాక్కూడా అదే కావాలి.

"అంతా ఆగిపోయింది నాయనా" అన్నాను. "పాలు పోయించుకోవడం కుదర్లేదు. ఏ ఊళ్ళోనూ మిషన్లు పనిచేయలేదు. అందరం అన్న యాడ, అన్న యాడ అని వెతుక్కున్నాం."

ఆయన తల ఊపుతూ విన్నాడు. నా చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకున్నాడు. గరుకు చెయ్యి, వెచ్చగా ఉంది.

"ఆగలేదులే పాపా" అన్నాడు. "మేము గూడా ఎనుము పాలు మీకే కదా పోసేది. నాకు చదువు రాదు. పొద్దున పాలు పోసొచ్చినాక ఫోను టింగుమంటాది. వాడే ఆడ కూచోని పంపిస్తాండాడనుకునేటోడ్ని. అది మోగితే నా కొడుకు లేసినాడు, పన్లో ఉండాడు, బాగుండాడని. ఇన్నేండ్లు అట్లే అనుకున్యా. ఆ పొద్దు గూడా మోగింది పాపా. మోగితే, బాగుండాడులే అనుకోని గొర్రెల్ని తోలుకోని కొండకు పోయినా."